జోఫ్కా క్వేదెర్ గురించి రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతసంచిక (శనివారం, రాత్రి 9:10)

ఈ వేదికలో మధ్య యూరప్ సాహిత్యం చదివేవారు కొందరైనా ఉన్నారన్న నమ్మకంతో అడుగుతున్నాను. మా ఊరి గ్రంథాలయం మూడు నెలలకోసారి తెచ్చే చిన్న పత్రికకు స్లొవేనియా రచయిత్రి జోఫ్కా క్వేదెర్ (1878–1926) మీద ఒక వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ చించేశాను. ఎటునుంచి మొదలుపెట్టినా అది ఒక దుఃఖితురాలి కథగా మారిపోతోంది.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ల్యుబ్ల్యానాలో పుట్టింది. బాల్యం లోష్కి పోతోక్ అనే కొండ పల్లెల్లో గడిచింది. తండ్రి తాగుబోతు, చేయిచేసుకునే మనిషి. తల్లి భక్తిలో తలదాచుకున్న మనిషి. క్రైస్తవ సన్యాసినుల బడిలో చదువుకుని, ఇల్లు వదిలి, కచేరీల్లో కాగితాలు నకలు రాసే గుమాస్తాగా పనిచేసింది. 1899లో ట్రియెస్ట్, ఆపైన చదువుకోసం స్విట్జర్లాండ్‌లోని బెర్న్, అక్కడ డబ్బు చాలక మ్యూనిక్, 1900లో ప్రాగ్, 1906లో జాగ్రెబ్. ప్రాగ్‌కు చేరిన ఏడాదే, ఇరవై రెండేళ్ళ వయసులో, ‘మిస్తేరి జెనె’ అనే కథల సంపుటిని సొంత ఖర్చుతో అచ్చువేసుకుంది. కథలు అనడం కంటే తునకలు అనడం మేలు. కొన్ని పేజీ నిండకముందే అయిపోతాయి. ప్రసవవేదన పడుతున్న స్త్రీ, తాగివచ్చిన భర్త కోసం కాచుకున్న స్త్రీ, కూలికి పోయే స్త్రీ, నమ్మి మోసపోయిన స్త్రీ, ఒకరి తరవాత ఒకరు వచ్చి వెళ్ళిపోతారు. సంప్రదాయవాద విమర్శకులు అది నీతిబాహ్యమన్నారు. స్త్రీల చదువును సమర్థించినవారిలో కూడా కొందరికి ఆ మోటుదనం మింగుడుపడలేదు.

నా సందేహం ఇది: వ్యాసాన్ని ఆ పుస్తకంతో మొదలుపెట్టాలా, బాల్యంతోనా, లేక మరెక్కడైనా అసలు కొస ఉందా?

గోదారిగట్టు (శనివారం, రాత్రి 10:35)

పాతసంచిక గారూ, మీ ఇబ్బంది మీ రాతలో లేదు, ఆ పుస్తకంలోనే ఉందని నా అభిప్రాయం. దాన్ని నేను జర్మన్ అనువాద భాగాల్లోనూ, తరవాత నిఘంటువు పక్కన పెట్టుకుని మూలంలోనూ కొంత చదివాను. ఏ స్త్రీ కూడా గడప దాటి బయటికి రాదు, ఎవరూ ఎదురుతిరగరు, ఎవరూ గెలవరు. స్త్రీలకు చదువు కావాలి, ఓటు కావాలి, ఆస్తి కావాలి అని అదే కాలంలో సూటిగా వాదించినవారు స్లొవేనియాలోనే ఉన్నారు. ‘దనీత్స’ అనే కలంపేరుతో రాసిన ఉపాధ్యాయిని ఎల్వీరా దొలినార్ వ్యాసాలు చూడండి, వివాహవ్యవస్థనే నిలదీస్తాయి. ఆ వ్యాసాల పక్కన పెట్టి చూస్తే క్వేదెర్ పుస్తకం ఏడుపుగానే మిగులుతుంది. ఆమెను స్త్రీవాద రచయిత్రి అనడం తరవాతివాళ్ళ మర్యాద.

మూడోబెంచీ (ఆదివారం, ఉదయం 7:50)

గోదారిగట్టు గారి మాటతో నేను ఏకీభవించలేను. ఎదురుతిరగడానికి తలుపు ఎటు ఉందో ముందు చూడాలి కదా. నా చదువు చట్టం గనుక ఆ వైపు నుంచి చెబుతాను.

ఆ కాలంలో స్లొవేనులు ఆస్ట్రియా-హంగరీ పాలన కింద ఉన్నారు. ఆస్ట్రియా భాగంలో 1811 నాటి పౌరస్మృతి ప్రకారం భర్తే కుటుంబానికి యజమాని. కాథలిక్ దంపతులు విడిగా బతకడానికి అనుమతి పొందవచ్చునే కాని, ఇద్దరూ బతికి ఉండగా ఆ పెళ్ళి రద్దై మరో పెళ్ళికి దారి దొరికేది కాదు. 1867 నాటి సంఘాల చట్టంలో 30వ సెక్షన్ అయితే చదివి తీరవలసిందే: రాజకీయ సంఘాల్లో సభ్యత్వానికి విదేశీయులు, స్త్రీలు, మైనర్లు అనర్హులని ముగ్గురినీ ఒకే తాటికి కట్టింది. విశ్వవిద్యాలయాల సంగతి చూస్తే, ఆస్ట్రియాలో స్త్రీలను తత్త్వశాస్త్ర విభాగంలోకి 1897లో, వైద్యంలోకి 1900లో రానిచ్చారు. న్యాయశాస్త్రం తలుపు 1919 దాకా తెరుచుకోలేదు. అందుకే ఆ పిల్ల బెర్న్‌కు పరుగెత్తింది. స్విట్జర్లాండ్ విశ్వవిద్యాలయాలు అప్పటికి చాలా ఏళ్ళుగా స్త్రీలను చేర్చుకుంటున్నాయి.

ఇక ఓటు. 1907లో ఆస్ట్రియా పార్లమెంటుకు వయోజన పురుషులందరికీ ఓటు వచ్చింది, స్త్రీలకు రాలేదు. 1918లో సామ్రాజ్యం కూలి దక్షిణ స్లావుల కొత్త రాజ్యం ఏర్పడినా పార్లమెంటుకు ఓటు రాలేదు. యుగోస్లావియా స్త్రీలకు అది దక్కింది 1945లో, అంటే క్వేదెర్ చనిపోయిన 19 ఏళ్ళకు. ఇంతటి గోడ మధ్య కూర్చుని ఒక యువతి, విజయం సాధించిన నాయికను కల్పించి రాసి ఉంటే అది మనకు నచ్చేదేమో కాని, నిజం మాత్రం అయ్యేది కాదు.

నిఘంటుప్రియ (ఆదివారం, ఉదయం 11:20)

పుస్తకం పేరును తెలుగులో ఏమంటారో ఎవరూ అడగలేదు. అసలు కొస అక్కడే ఉందేమోనని నా అనుమానం.

‘మిస్తేరి’ అంటే మర్మం. ‘జెనె’ అనేది ‘జెనా’ అనే మాటకు షష్ఠీ విభక్తి ఏకవచనం. (తొలి అక్షరాన్ని మన జ-తో రాస్తున్నాం కాని అది జ కాదు, పాత పుస్తకాల్లో పైన ప్రత్యేక గుర్తుతో వేసే దంత్యమూ కాదు, మరో దారి లేక రాస్తున్నాం.) నేటి స్లొవేన్ వాడుకలో ‘జెనా’ అంటే ముందుగా భార్య, ‘జెన్స్కా’ అంటే స్త్రీ. కాని సాహిత్యభాషలో, అందునా ఆ కాలపు రాతలో, ‘జెనా’ రెండింటికీ చెల్లుతుంది. అంటే శీర్షికలోనే మెలిక ఉంది: ఈ మర్మం ఆడమనిషిదా, ఇల్లాలిదా? ఆ సంపుటిలోని స్త్రీల గోడు కూడా ఇదే కదా, ఆడమనిషిగా పుట్టడానికీ ఒకరికి ఇల్లాలు కావడానికీ మధ్య వాళ్ళకు వేరే చోటంటూ మిగలలేదు.

‘స్త్రీ రహస్యం’ అంటే ఆ మెలిక పోతుంది, పైగా వారపత్రిక సీరియల్‌లా వినిపిస్తుంది. ‘భార్య మర్మం’ అంటే మరీ ఇరుకు. అయితే మన పాత తెలుగులో ఇదే పని చేసే మాట ఒకటి ఉంది: ‘ఆలు’. బ్రౌన్ నిఘంటువులో చూడండి, స్త్రీ అనీ భార్య అనీ రెండర్థాలూ ఇచ్చి, బహువచనం ‘ఆండ్రు’ అన్నాడు. ‘ఆలు లేదు చూలు లేదు’ అన్న సామెతలో తప్ప ఇప్పుడు ఎవరి నోటా వినం. ఇంకో ముచ్చట: స్లావ్ భాషల ‘జెనా’, వేదభాషలోని ‘జని’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు, ‘జని’కి కూడా స్త్రీ, భార్య అనే రెండర్థాలూ ఉన్నాయి. కాబట్టి నా ప్రతిపాదన ‘ఆలి మర్మం’.

గోదారిగట్టు (ఆదివారం, మధ్యాహ్నం 12:05)

నిఘంటుప్రియ గారూ, ‘ఆలి మర్మం’ అంటే మా ఇంట్లో వంటగది నుంచి నవ్వు వినిపించింది. ఆలూ కూర రహస్యమా అని అడిగారు. మీ వాదన మాత్రం కాదనలేకపోతున్నాను. మూడోబెంచీ గారి చట్టాల వరస చదివాక ‘ఏడుపు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నా ప్రశ్న పూర్తిగా పోలేదు: ఇరవై రెండేళ్ళకు ఆ పుస్తకం రాసిన మనిషి, మిగిలిన ఇరవై ఆరేళ్ళూ ఏం చేసింది? మనం చదివే పరిచయాలన్నీ 1900 దగ్గరే ఆగిపోతాయెందుకు?

లెక్కలపంతులు (ఆదివారం, సాయంత్రం 6:40)

ఉద్యోగరీత్యా ఒక సంవత్సరం మూడు నెలలు ట్రియెస్ట్‌లో ఉన్నాను. అక్కడి అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రానికి మన దేశం నుంచి ఏటా చాలామంది అధ్యాపకులు, పరిశోధకులు వెళ్ళివస్తుంటారు. ఆ వరుసలో నేనూ ఒకణ్ణి. ఊరు ఇప్పుడు ఇటలీది. క్వేదెర్ రోజుల్లో ఆస్ట్రియా సామ్రాజ్యానికి అది పెద్ద ఓడరేవు. పట్నంలో ఇటాలియన్ మాట్లాడేవారు ఎక్కువ, చుట్టూ పల్లెల్లో స్లొవేనులు, కచేరీల్లో జర్మన్. ఇప్పటికీ కార్స్ట్ పీఠభూమి మీది పల్లెలకు బస్సులో వెళితే ఊరి పేర్లు రెండు భాషల్లో కనిపిస్తాయి. చలికాలంలో ‘బోరా’ అనే గాలి కొండమీంచి సముద్రంలోకి దూకుతుంది. మనుషులు కొట్టుకుపోకుండా వీధుల్లో తాళ్ళు కట్టేవారట. ఒక సాయంత్రం నా గొడుగు ఆ గాలికి వెనక్కి తిరగబడి, ఊచలు విరిగి, బట్ట మాత్రం చేతికి మిగిలింది. అలాంటి ఊరికి ఇరవై ఏళ్ళ పిల్ల ఒంటరిగా పని వెతుక్కుంటూ వచ్చిందంటే ఆమె గుండె ధైర్యం ఎంతటిదో ఊహించండి.

స్లొవేన్ స్త్రీల తొలి పత్రిక ‘స్లొవెన్కా’ వెలువడింది ఆ ఊళ్ళోనే. ఊరి నడుమ నరోద్ని దోమ్ అనే పెద్ద భవనం ఉంది, అక్కడి స్లొవేనుల సాంస్కృతిక కేంద్రం, దాని ముందు నిలబడి ఫోటో కూడా తీసుకున్నాను. క్వేదెర్ తొలి రచనలు అక్కడి నుంచే అచ్చయి వెళ్ళాయన్నమాట.

పాతసంచిక (ఆదివారం, రాత్రి 8:15)

లెక్కలపంతులు గారూ, మీ ఫోటో మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి కాని, ఒక చిన్న సవరణ. ‘స్లొవెన్కా’ 1897లో మొదలై 1902లో ఆగిపోయింది. మాక్స్ ఫాబియాని గీసిన నమూనాతో కట్టిన ఆ నరోద్ని దోమ్ తెరుచుకున్నది 1904లో. 1920 జులై 13న ఫాసిస్టులు దాన్ని తగలబెట్టారు. సరిగ్గా వందేళ్ళకు, 2020 జులై 13న, దాన్ని అక్కడి స్లొవేన్ సమాజానికి తిరిగి అప్పగించే ఒప్పందం జరిగింది. కాబట్టి క్వేదెర్ ఆ పత్రికకు రాసిన రోజుల్లో ఆ భవనం లేనే లేదు.

‘స్లొవెన్కా’ గురించి మరికొంత చెప్పాలి. మొదట అది ‘ఎదినొస్త్’ అనే స్లొవేన్ పత్రికకు అనుబంధంగా పదిహేను రోజులకోసారి వచ్చేది. 1900 నుంచి సొంత కాళ్ళ మీద మాసపత్రికగా నిలిచింది. తొలి సంపాదకురాలు మరీత్స నద్లీషెక్, ఉపాధ్యాయిని. 1899లో ఆమెకు పెళ్ళయింది, సంపాదకత్వం వదులుకుంది. ఆ రోజుల్లో ఆస్ట్రియాలోని చాలా ప్రాంతాల్లో ఉపాధ్యాయినికి పెళ్ళయితే ఉద్యోగమూ పోయేది. ఆమె తరవాత ఇవాంకా అన్జిచ్ ఆ కుర్చీలో కూర్చుంది. క్వేదెర్ కథలు 1898 నుంచి ఇందులో కనిపిస్తాయి. స్లొవేనియా జాతీయ గ్రంథాలయం ఈ సంచికలన్నీ డిజిటల్ చేసి ఉచితంగా పెట్టింది. పాత అచ్చులో ఆమె పేరు చూసినప్పుడు, మా తాతగారి పెట్టెలో పాత ఉత్తరం దొరికినట్టే అనిపించింది.

గోదారిగట్టు గారి ప్రశ్న సరైనది. నా దగ్గరున్న గుర్తులన్నీ కలిపి రేపు రాస్తాను.

కాఫీగింజ (సోమవారం, ఉదయం 6:30)

నేను ఈ వేదికలో ఎక్కువగా చదివి ఊరుకునే మనిషిని. పాతసంచిక గారి జవాబు కోసం ఆగకుండా రాస్తున్నందుకు మన్నించండి; ఈ ఒక్క విషయంలో నాకు సొంత అనుభవం ఉంది.

క్వేదెర్ ‘దొమాచి ప్రియాతెల్’ అనే మాసపత్రికకు 1904 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేదాకా సంపాదకురాలు. ఆ పేరుకు ‘ఇంటి నేస్తం’ అని అర్థం. (ఇక్కడి ‘ప్రియాతెల్’కీ మన ‘ప్రియ’కీ చుట్టరికం ఉందని నిఘంటుప్రియ గారు చెబుతారని ఎదురుచూస్తున్నాను.) దాన్ని నడిపింది ఏ స్త్రీల సంఘమూ కాదు, ప్రాగ్‌లోని విద్రా అనే ఆహారపదార్థాల కర్మాగారం. రై ధాన్యాన్ని వేయించి పొడిచేసి, అసలు కాఫీ కొనలేని ఇళ్ళకు కాఫీ బదులుగా అమ్మేవారు. సరుకు ప్రచారం కోసం పుట్టిన పత్రిక అది. పరిచయాల్లో చాలామంది దీన్ని సిగ్గుపడుతున్నట్టు ఒక్క వాక్యంలో దాటేస్తారు.

నేను ఆరేళ్ళు ఒక విత్తనాల సంస్థ రైతుల కోసం నడిపిన పత్రికలో పనిచేశాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వెనక అట్ట, మధ్య రెండు పేజీలు సరుకు ప్రకటనలకు పోగా, మిగిలిన పేజీల్లో ఏం వేస్తున్నామో యాజమాన్యం తిరిగి చూసేది కాదు, అమ్మకాలు పడిపోయిన నెల తప్ప. ఆ పేజీల్లోనే మేము కౌలు రైతుల ఆడవాళ్ళ ఉత్తరాలు వేశాం. పెద్ద సాహిత్య పత్రిక ఒక్కటీ చేరని ఇళ్ళకు మా పత్రిక విత్తనాల సంచితోపాటు వెళ్ళేది. ఒకావిడ మా పత్రిక పేజీని అన్నం మూటకు చుట్టి పొలానికి తీసుకెళ్ళి, తిన్నాక ఆ కాగితం మడత విప్పి చదివి, జవాబు రాసింది. ఆ ఉత్తరంలో మజ్జిగ మరక కూడా ఉంది.

అందుకని క్వేదెర్ ఎంపికలో నాకు రాజీ కనిపించడంలేదు. కాఫీ పొడి కొనే ఇల్లాలి చేతికి, ఆ కాఫీ పొడి సంస్థ ఖర్చుతో, స్లొవేన్ భాషలో కథలు చేరాయి. కొత్తగా రాస్తున్నవాళ్ళను ఆమె అందులో అచ్చువేసింది. 1906లో తాను జాగ్రెబ్‌కు మారిపోయినా, పత్రిక ప్రాగ్‌లోనే అచ్చవుతున్నా, టపాల మీదే సంపాదకత్వం నడిపింది. దానికి ఆమెకు జీతం ముట్టింది. ఈ చివరి వాక్యాన్ని దయచేసి తేలిగ్గా చూడకండి.

మూడోబెంచీ (సోమవారం, ఉదయం 9:00)

కాఫీగింజ గారూ, ఇన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారు? మీరు అన్న జీతం మాట దగ్గర ఆమె ఇంటి లెక్క కూడా పెట్టాలి. ప్రాగ్‌లో ఆమె సహచరుడు వ్లదిమిర్ యెలోవ్షెక్, క్రొయేషియా కవి, అప్పటికి వైద్యవిద్యార్థి. పెద్ద కూతురు 1901లో పుట్టింది, పెళ్ళి 1903లో జరిగింది. ఆ రెండేళ్ళ తేడాను నాటి సమాజం ఎలా చూసి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆమె అనువాదాలు చేస్తూ, పత్రికలకు రాస్తూ ఇల్లు నడిపింది. కలం మీద బతికిన తొలి స్లొవేన్ స్త్రీ అని ఆమెను అనడం ఇందుకే. ఆ తరవాత యెలోవ్షెక్‌తో తెగతెంపులయ్యాయి. జర్నలిస్టు, తరవాత రాజకీయ నాయకుడైన యురాయ్ దెమెత్రొవిచ్‌ను చేసుకుంది.

నిఘంటుప్రియ (సోమవారం, ఉదయం 10:10)

ప్రియాతెల్ చుట్టరికం నిజమే, ఒకే మూలం. నాకంటే ముందు చెప్పేశారు గనుక నాకు మిగిలింది పేర్ల గొడవ. గ్రంథాలయ జాబితాల్లో ఆమెను వెతికేవారు మూడు చోట్ల చూడాలి: క్వేదెర్ అనీ, క్వేదెర్-యెలోవ్షెక్ అనీ, క్వేదెర్-దెమెత్రొవిచ్ అనీ. రెండు పెళ్ళిళ్ళలోనూ పుట్టింటి పేరు వదలకుండా ముందు నిలిపింది, గమనించండి. వ్యాసంలో ఒక్క పేరే వాడాలంటే క్వేదెర్ చాలు.

పాతసంచిక (సోమవారం, రాత్రి 9:30)

గోదారిగట్టు గారికి ఇస్తానన్న జవాబు. కాఫీగింజ గారు సగం చెప్పేశారు.

1900 తరవాత ఆమె నాటకాల పుస్తకం ‘ల్యుబేజెన్’ 1901లో, కథాసంపుటాలు ‘ఒద్సేవి’ 1902లో, ‘ఇజ్ నషిహ్ క్రాయెవ్’ 1903లో, ‘ఇస్క్రె’ 1905లో వచ్చాయి. 1908లో ‘అమెరికాన్త్సి’ అనే నాటకం, అమెరికాకు వలసపోయే పల్లెజనం మీద. ఈ నాటకం చదువుతున్నప్పుడు మన పిల్లల వీసా కబుర్లు గుర్తుకొచ్చి నవ్వుకున్నాను, కాని ఆ పల్లెలు వలసపోయింది ఆకలికి. 1914లో నవల ‘న్యెనొ జివ్ల్యెన్యె’, అంటే ‘ఆమె జీవితం’: తిల్దా అనే స్త్రీ చెడిన కాపురంలో ఏళ్ళకేళ్ళు ఎలా అరిగిపోయిందో నెమ్మదిగా చెప్పుకొస్తుంది. 1900లో పేజీ నిండని తునకగా రాసిన బతుకునే ఇక్కడ నవల పొడుగునా పరిచిందనిపిస్తుంది. యుద్ధకాలంలో ‘హంకా’ అనే నవలను స్లొవేన్‌లో కాక క్రొయేషియన్‌లో, ఉత్తరాల రూపంలో, ఒక పోలిష్ స్త్రీ గొంతుతో రాసింది.

ఇవన్నీ రాస్తూనే జాగ్రెబ్‌లోని ‘ఆగ్రమర్ తాగ్‌బ్లాట్’ అనే జర్మన్ దినపత్రికకు స్త్రీల అనుబంధం చూసింది. 1917లో ‘జెన్స్కి స్వియెత్’ అనే సొంత పత్రిక పెట్టింది. అది ‘యుగొస్లావెన్స్కా జెనా’గా పేరు మార్చుకుని 1920 దాకా నడిచింది. ఈ పత్రికలో మీరు కోరుకున్నవన్నీ ఉన్నాయి, గోదారిగట్టు గారూ: చదువు, ఓటు, ఉద్యోగం, అన్నీ సూటిగా.

చివరి సంవత్సరాలు చీకటివి: పెద్ద కూతురి మరణం, జబ్బులు, కొత్త రాజ్యం మీద పెట్టుకున్న ఆశలు చెదరడం. 1926 నవంబర్ 21న, 48 ఏళ్ళకే, జాగ్రెబ్‌లో పోయింది. స్లొవేన్ సాహిత్యంలో పెద్ద రచయితల సమగ్ర రచనల శ్రేణి 1946లో మొదలైతే, ఆమె మొదటి సంపుటం 2005లో వచ్చింది. పరిచయాలు 1900 దగ్గర ఆగిపోవడానికి కారణం నా లెక్కన ఇందులోనే ఉంది: మిగిలినవి మూడు భాషల్లో, నాలుగు ఊళ్ళ పత్రికల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, పుస్తకం మాత్రం ఒక్కచోట చేతికి దొరికింది.

నా వ్యాసం ఇప్పుడు ఇలా మొదలవుతుంది:

“1904 తరవాత ఏదో ఒక నెల. స్లొవేన్ పల్లెలో ఒక ఇల్లాలు రై కాఫీ పొడి కొని ఇంటికి తెచ్చుకుంది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుండగా ఆ కాఫీ సంస్థ పంపిన పత్రిక తిరగేసింది. అందులో కథ ఉంది. కథను ఎంచి వేసిన మనిషి ఒక స్త్రీ. ఆ పనికి జీతం తీసుకున్న స్త్రీ.”

గోదారిగట్టు (సోమవారం, రాత్రి 10:20)

ఇది బాగుంది, ఉంచండి. ఒక్క మాటే అడ్డు తగులుతోంది: “ఇల్లాలు” అని ఎందుకు? కొన్నది పెళ్ళికాని పనిపిల్ల కూడా కావచ్చు కదా.

నిఘంటుప్రియ (సోమవారం, రాత్రి 10:32)

అందుకే ‘ఆలు’ అన్నాను.